తిరుగు ప్రయాణం లెక్కలు: ఏ జబ్బుకు ఏ దేశం

1965 జూలై 30న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం చేశారు. అరవై అయిదేళ్లు నిండినవాళ్ల వైద్యం ఖర్చులో పెద్ద భాగాన్ని ప్రభుత్వం భరించే ఏర్పాటు అది. రెండు నెలల తర్వాత, అక్టోబరు 3న, అదే జాన్సన్ మరో చట్టం మీద సంతకం పెట్టారు. పుట్టిన దేశాన్ని బట్టి వలసకు కోటాలు పెట్టే పాత పద్ధతి దాంతో పోయింది. ఆ రెండో చట్టం తెరిచిన తలుపులోంచే మన వైద్య కళాశాలల్లో, ఇంజినీరింగ్ కళాశాలల్లో చదివిన తొలి తరం అమెరికా వెళ్లింది. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా తొలి సభ జరుపుకునే నాటికి వాళ్లు ఒక సమాజంగా కూడుకున్నారు. 1990ల చివర్లో వైటూకే కంప్యూటరు పనుల కోసం అంతకు ఎన్నో రెట్ల మంది వెళ్లారు. 1998లో ముప్ఫై అయిదేళ్ల వయసులో విమానం ఎక్కిన ప్రోగ్రామరు ఇప్పుడు అరవై దాటి మెడికేర్ వయసుకు దగ్గరపడ్డాడు. జీతంలోంచి పాతికేళ్ల పాటు కోతపడిన పన్నుకు ఫలం అందే వేళ ఇది. వెనక్కి వచ్చేయాలన్న ఆలోచన ఆ ఇళ్లలో గట్టిపడుతున్న వేళ కూడా ఇదే. చిక్కల్లా మెడికేర్ అమెరికా ఎల్ల దాటకపోవడంలో ఉంది. చాలా స్వల్పమైన మినహాయింపులు తప్పిస్తే, బయటి దేశంలో చేయించుకున్న వైద్యానికి అది పైసా ఇవ్వదు.

ఈ ఆలోచనలో పడినవాళ్లు సాధారణంగా వేసే లెక్క ఒకటుంది. మోకాలి మార్పిడికి అక్కడెంత, ఇక్కడెంత? బైపాసుకు అక్కడెంత, ఇక్కడెంత? అద్దె, కూరగాయలు, పనిమనిషి, డ్రైవరు కలిపి నెలకు ఎంతవుతుంది? రెండు వరుసలు రాసుకుని కింద గీత గీసి కూడితే హైదరాబాదో విశాఖపట్నమో గెలుస్తుంది. ఈ కూడిక తప్పని నేను అనడం లేదు, ఆ అంకెలు చాలావరకు నిజమే. కానీ అది రెండు దేశాల ధరల పట్టికలను పక్కపక్కన పెడుతుంది. మనిషి ముసలితనం ధరల పట్టిక ప్రకారం నడవదు. అది ఏదో ఒక జబ్బు రూపంలో వస్తుంది, ఆ జబ్బుకు తనదైన వేగం ఉంటుంది. కొన్ని జబ్బులు నిమిషాల్లో తేల్చేస్తాయి. కొన్ని నెలల గడువిచ్చి లక్షలు అడుగుతాయి. కొన్ని పదేళ్లపాటు మంచం పక్కన ఒక మనిషిని అడుగుతాయి. ఈ మూడింటికీ ఒకే దేశం సరైన జవాబు కాదు. కాబట్టి దేశాన్ని కాకుండా జబ్బు వేగాన్ని ప్రమాణంగా పెట్టుకుని లెక్క వేయాలని, అలా వేస్తే వచ్చే నిర్ణయం మామూలు కూడిక ఇచ్చేదానికంటే చాలా వేరుగా ఉంటుందని ఈ ఉపన్యాసంలో వాదిస్తున్నాను.

దానికి ముందు ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ లెక్క వేసుకునే వీలున్నవాళ్లు మన ప్రవాసుల్లో కొందరే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాల నుంచి గల్ఫుకు వెళ్లినవాళ్లకు ఉండాలా రావాలా అన్న ప్రశ్నే లేదు. అక్కడ వీసా ఉద్యోగానికి కట్టి ఉంటుంది, ఉద్యోగం పోతే దేశం పోతుంది. ముప్ఫై ఏళ్లు చేసినా పౌరసత్వం రాదు, పింఛను రాదు, చివర్లో చేతికొచ్చే గ్రాట్యుటీతో ఇంటికి రావాలి. ఒకరకంగా వాళ్లకున్న ఆసరా మాత్రం ఇక్కడిదే. వాళ్లు భారత పౌరులుగానే ఉండిపోయారు కనుక 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వాళ్లలో అర్హులకు అందుతుంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. డెబ్భై దాటితే, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 2024 అక్టోబరులో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి అయిదు లక్షల రక్షణ ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల పరిస్థితి దీనికి తలకిందులు. వాళ్లకు మన దేశం ఇచ్చే ఓసీఐ కార్డులు తొలిసారిగా చేతికిచ్చింది మన హైదరాబాదులోనే, 2006 జనవరి ప్రవాసీ భారతీయ దివస్ సభలో. ఆ కార్డుతో వచ్చి జీవితాంతం ఉండొచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. కానీ పౌరుల కోసం పెట్టిన ఆరోగ్య పథకాల మీద ఆశపెట్టుకుని రాకూడదు. ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్నవాళ్లు దీర్ఘకాలం బయట ఉంటే ఆ కార్డే చేజారుతుంది. నేను చెప్పే లెక్క పౌరసత్వం వచ్చినవాళ్లకు, కనీసం పదేళ్లు పనిచేసి మెడికేర్‌కు కావలసిన నలభై క్రెడిట్లు సంపాదించుకున్నవాళ్లకు వర్తిస్తుంది.

బతుకు ఖర్చు సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక భాగం. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వ పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీ కింద పదవీ విరమణ చేసినవాళ్లకు వచ్చిన సగటు మొత్తం నెలకు 1,976 డాలర్లు. సొంత సంపాదన చరిత్ర లేని భార్యకు గరిష్ఠంగా అందులో సగం వస్తుంది. 90 రూపాయల మారకం లెక్కన ఇద్దరికీ కలిపి నెలకు రెండున్నర లక్షలు దాటుతుంది. అమెరికా పౌరులు హైదరాబాదులో ఉన్నా అది ఆగదు, రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం దాని మీద పన్ను వేసే హక్కు అమెరికాదే. సొంత ఇల్లు ఉన్న దంపతులకు మన నగరాల్లో ఇది సౌకర్యమైన మొత్తం. ఇక్కడ వచ్చే ప్రశ్న, రేపూ అలాగే ఉంటుందా అన్నది. 2000లో డాలరు దాదాపు 45 రూపాయలు, 2025 డిసెంబరులో 90 దాటింది. పాతికేళ్లలో రెట్టింపంటే ఏడాదికి మూడు శాతం లోపు. ఆ కాలంలో అమెరికా ధరల సూచీని బట్టి పింఛను కూడా సగటున ఏటా రెండున్నర శాతం చొప్పున పెరిగింది. రెండూ కలిపితే రూపాయల్లో పింఛను ఏటా అయిదున్నర శాతం దగ్గర పెరిగినట్టు. మన దేశంలో ధరలు సగటున ఆరు శాతానికి అటూఇటూగా పెరిగాయి. అంటే డాలరు పెరుగుదల మనకు లాభం తెచ్చిపెట్టలేదు, ఇక్కడి ధరలతో దాదాపు సమంగా నడిచిందంతే. రూపాయి పడిపోయినప్పుడల్లా ధనవంతులమయ్యామని అనుకునేవాళ్లు ఈ పాతికేళ్ల లెక్కను ఒకసారి చూడాలి. ఉప్పూ పప్పూ వరకు ఆ పింఛను నిలుస్తుంది. మామూలు ధరల కంటే వేగంగా పెరిగే రెండు ఖర్చుల దగ్గర, ఆసుపత్రి బిల్లు దగ్గర, మనిషి జీతం దగ్గర, నిలుస్తుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇప్పుడు జబ్బుల దగ్గరికి వద్దాం. గుండెపోటు, పక్షవాతం, జారిపడి తుంటి విరగడం ఒక రకం. వీటికి దేశం ఎంచుకునే వ్యవధి ఉండదు. మెదడులో గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఇక్కడి నుంచి అమెరికాకు విమాన ప్రయాణమే దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఇక్కడ ఉన్నంతకాలం ఈ రకం జబ్బులకు ఇక్కడి ఆసుపత్రే దిక్కు, ఇక్కడి బీమాయే దిక్కు. పెద్ద నగరాల్లో ఈ వైద్యం బాగుంది, ధరా అందుబాటులో ఉంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయించాక, అంతకుముందు లక్ష పైదాకా పలికిన మందుపూత స్టెంటు ముప్ఫై వేల లోపుకు దిగింది. 108 అంబులెన్సు 2005లో హైదరాబాదులోనే మొదలైంది. అయితే ఇవన్నీ ఊరిని బట్టి ఉంటాయి. పుట్టిన పల్లెలో, పొలం పక్కన ఇల్లు కట్టుకోవాలన్న కోరికను నేను గౌరవిస్తాను. కానీ గుండెకు స్టెంటు వేయగల ఆసుపత్రికి గంట దూరంలో ఉండే ఇల్లు డెబ్భై అయిదేళ్ల మనిషికి ఎంత దగ్గరో ఆలోచించుకోవాలి. ఇంటి ధర, పచ్చదనం, బంధువులు, వీటన్నిటి కంటే ముందు చూడవలసిన దూరం అది.

ఇక్కడి బీమా గురించి ఒక విషయం వచ్చేముందే తెలిసి ఉండాలి, వచ్చాక తెలిస్తే ప్రయోజనం తక్కువ. 2024 ఏప్రిల్ నుంచి నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొన్ని మంచి మార్పులు తెచ్చింది. అరవై అయిదు దాటినవాళ్లకూ కొత్త పాలసీ అమ్మడానికి దారి తెరిచింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండవలసిన గడువును నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. అయిదేళ్లు వరుసగా ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు దాచారన్న సాకుతో క్లెయిము నిరాకరించడానికి వీల్లేదు. 2025 సెప్టెంబరు నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు. ఇన్ని ఉన్నా మూడేళ్ల గడువు మూడేళ్లే. షుగరు, బీపీ లేని అరవై అయిదేళ్ల తెలుగువాళ్లు ఎంతమంది? వచ్చాక పాలసీ తీసుకుంటే, అవసరం పడే తొలి మూడేళ్లలోనే అది సరిగా అక్కరకు రాకపోవచ్చు. ప్రవాసులు కూడా ఇక్కడి కంపెనీల పాలసీ తీసుకోవచ్చు. తిరిగి రావాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ఉద్యోగంలో ఉండగానే, సెలవులకు వచ్చినప్పుడే పాలసీ తీసుకుంటే వేచి ఉండే గడువు అమెరికాలో ఉండగానే గడిచిపోతుంది. అరవైలో తీసుకున్న పాలసీకి, అరవై ఆరులో తీసుకున్న పాలసీకి తేడా ప్రీమియంలో కంటే ఈ గడువులోనే ఎక్కువ. అలాగని బీమా అన్నిటికీ సరిపోదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశం వైద్యానికి పెట్టిన మొత్తంలో 39.4 శాతం ప్రజలు నేరుగా జేబులోంచి తీసి ఇచ్చారు. 2013-14లో అది 64.2 శాతం కనుక మెరుగుపడిన మాట వాస్తవం. కానీ ఆసుపత్రిలో చేరకుండా జరిగే వైద్యం, నెలనెలా మందులు, పరీక్షలు ఇప్పటికీ ఎక్కువగా జేబు మీదే పడతాయి.

రెండో రకం జబ్బులు గడువిస్తాయి. క్యాన్సరులో చాలా రకాలు, మూత్రపిండాల వైఫల్యం, కొత్త కొత్త ఖరీదైన మందులు కావలసిన జబ్బులు. వీటిలో రోగి నిలదొక్కుకుని విమానం ఎక్కగలడు. ఎక్కడ చేయించుకోవాలో ఆలోచించుకునేందుకు వారాలు ఉంటాయి. బీమా పరిమితి దాటిపోయే ఖర్చు వచ్చేదీ వీటిలోనే. మెడికేర్ విలువ పూర్తిగా తెలిసేది ఇక్కడ. మెడికేర్‌లో ఆసుపత్రి భాగానికి, అంటే పార్ట్ ఎకు, నలభై క్రెడిట్లు ఉన్నవాళ్లు ప్రీమియం కట్టనక్కరలేదు. హైదరాబాదులో ఉన్నా అది అలాగే ఉంటుంది. డాక్టర్లకు, పరీక్షలకు, కీమోకు వర్తించే పార్ట్ బికి మాత్రం నెలనెలా కట్టాలి. 2025లో అది 185 డాలర్లు, 2026లో 202 డాలర్ల 90 సెంట్లు. గమనించండి, 2026కి పింఛను పెరిగింది 2.8 శాతం, ఈ ప్రీమియం పెరిగింది పది శాతానికి కొంచెం తక్కువ. దంపతులిద్దరికీ కలిపి ఈ ప్రీమియం ఏటా నాలుగు లక్షల రూపాయలకు పైమాటే. వాడుకోని బీమాకు నాలుగు లక్షలా అని చాలామంది వచ్చేముందు దాన్ని రద్దు చేసుకుంటారు. మళ్లీ వెళ్లి చేరితే, లేని ప్రతి పూర్తి సంవత్సరానికి ప్రీమియం మీద పది శాతం చొప్పున అపరాధ రుసుము పడుతుంది, అది జీవితాంతం ఉంటుంది. ఈ జీవితాంతం అన్న మాట విని భయపడి, రద్దు చేసుకోవడం మహాపరాధమని హెచ్చరించేవాళ్లూ ఉన్నారు.

ఈ హెచ్చరికను లెక్కకు పెట్టి చూద్దాం. ఏడేళ్లు కట్టడం మానేస్తే ఏడేళ్ల ప్రీమియం మిగిలింది. తిరిగి చేరాక రుసుము డెబ్భై శాతం, అంటే ఏటా ఏడు పదోవంతులు అదనం. మిగిలిన ఏడేళ్ల సొమ్ము ఆ అదనానికి సరిగ్గా పదేళ్లు వస్తుంది. మూడేళ్లు మానేసినా పన్నెండేళ్లు మానేసినా జవాబు పదేళ్లే. ప్రీమియం ఏటా పెరుగుతుంది కనుక ఆ పదేళ్లు కాస్త తగ్గవచ్చు. అరవై అయిదులో మానేసి ఎనభైలో తిరిగి వెళ్లిన మనిషికి తొంభైకి చేరువయ్యేదాకా రుసుము నిజంగా నష్టం తేదు. కాబట్టి పార్ట్ బిని నిలుపుకోమని చెప్పడానికి అపరాధ రుసుము సరైన కారణం కాదు. అసలు కారణం వేరే ఉంది. మానేసినవాళ్లు ఎప్పుడంటే అప్పుడు మళ్లీ చేరలేరు. జనవరి నుంచి మార్చి వరకే చేరిక, చేరిన మరుసటి నెల నుంచే రక్షణ. ఏప్రిల్‌లో క్యాన్సరు బయటపడితే తర్వాతి ఫిబ్రవరి దాకా ఆగాలి. గడువిచ్చే జబ్బు సైతం అంత గడువివ్వదు. పార్ట్ బి ప్రీమియం అంటే రెండో రకం జబ్బుకు అమెరికా తలుపును ఏడాది పొడుగునా తెరిచి ఉంచే ధర. ఆ ధర పింఛనులో ఎనిమిదోవంతుకు అటూఇటూగా ఉన్న సగటు దంపతులు కనీసం తొలి అయిదారేళ్లు, ఇక్కడి బీమాలో పాత జబ్బుల గడువు పూర్తయి పాలసీ పాతబడేదాకా, అది కట్టడం మంచిదని నా అభిప్రాయం. ఆ తర్వాత, ఇక తిరిగి వెళ్లేది లేదని మనసులో స్థిరపడ్డాక, రుసుముకు భయపడకుండా మానుకోవచ్చు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పాలసీలు మాత్రం ఇందుకు పనికిరావు. తమ ప్రాంతం వదిలి ఆరు నెలలు దాటితే సాధారణంగా వాటిలోంచి పేరు తీసేస్తారు.

మూడో రకమే అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే తక్కువగా లెక్కలోకి వచ్చేది. డిమెన్షియా, పార్కిన్సన్స్, పక్షవాతం తర్వాత మిగిలిపోయే బలహీనత, లేదా ఏ పేరూ లేని తొంభై ఏళ్ల నిస్సత్తువ. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని దేశవ్యాప్త లాసీ సర్వేలో భాగంగా చేసిన అధ్యయనం అంచనా వేసింది. ఈ జబ్బులకు ఆసుపత్రి పెద్దగా చేసేదేమీ లేదు. స్నానం చేయించాలి, అన్నం తినిపించాలి, రాత్రి లేచి వీధిలోకి పోకుండా చూడాలి. ఇక్కడ అమెరికా వ్యవస్థ చేతులెత్తేస్తుంది. ఆసుపత్రిలో చేరి వచ్చాక నర్సింగ్ హోములో గరిష్ఠంగా వంద రోజులు, అదీ నైపుణ్యమున్న వైద్యసేవ అవసరమైతేనే, మెడికేర్ భరిస్తుంది. మామూలు సంరక్షణకు అది ఏమీ ఇవ్వదు. పేదల పథకమైన మెడికెయిడ్ ఇస్తుంది గాని, దానికి అర్హత రావాలంటే దాచుకున్నదంతా దాదాపు ఖర్చయిపోవాలి. 2024లో అక్కడ ఇద్దరుండే నర్సింగ్ హోము గది మధ్యస్థ ఖర్చు ఏడాదికి 1,11,325 డాలర్లు, అంటే కోటి రూపాయలు. ఇంటికి వచ్చే సహాయకురాలికి వారానికి 44 గంటల లెక్కన 77,792 డాలర్లు. వారంలో 168 గంటలుంటాయి, మిగిలిన గంటల్లో ఎవరు చూస్తారన్నది ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి. మన నగరాల్లో పగలొకరు, రాత్రొకరు చొప్పున ఇద్దరు అటెండెంట్లను పెట్టుకుంటే, ఊరిని బట్టి, అనుభవాన్ని బట్టి, నెలకు యాభై అరవై వేలు. ఏడాది మొత్తానికి ఎనిమిది వేల డాలర్లు దాటదు. పైగా డిమెన్షియా ముదిరినవాళ్లలో తర్వాత నేర్చిన ఇంగ్లీషు ముందు సడలిపోవడం తరచూ కనిపిస్తుంది. ఆకలిని, నొప్పిని చెప్పుకోవడానికి తెలుగే మిగిలిన మనిషికి తెలుగు తెలిసిన చెయ్యి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అందుకే మామూలు అభిప్రాయానికి భిన్నంగా ఇలా అంటున్నాను. ఇక్కడికి రావడానికి గట్టి కారణం చవక బైపాసు కాదు, మెడికేర్ ఉన్నవాడికి అక్కడ బైపాసూ అంత భారమేమీ కాదు. అమెరికా ఆసుపత్రికి బీమా ఇచ్చి మంచాన్ని వదిలేసింది. మనం మంచానికి మనిషిని ఇచ్చి ఆసుపత్రిని రోగి జేబుకు వదిలేశాం. రెండు లోపాలూ ఎక్కడ తగులుతాయో తెలిసినవాళ్లు, ఒంట్లో సత్తువ ఉన్న అరవైల చివర్లో రావాలి, అలవాటు పడాలి, పొరుగును, డాక్టరును, బ్యాంకును సమకూర్చుకోవాలి. పూర్తిగా పరాధీనమయ్యాక చక్రాల కుర్చీలో తీసుకొచ్చి దించితే తెలియని ఊళ్లో తెలియని మనుషుల చేతుల్లో పెట్టినట్టే.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, అది డబ్బుకు సంబంధించింది కాదు. ఆ చవక సంరక్షణ ఎవరి శ్రమ మీద నిలబడింది? శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చి, పరాయి ఇంట్లో పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలు కాచుకుని ఉండే ఆడవాళ్ల మీద. ఇంటివాళ్లు ఇచ్చే ధరలో ఏజెన్సీ వాటా పోగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. చాలామందికి శిక్షణ లేదు, వారాంతపు సెలవు లేదు, తమకు జబ్బు చేస్తే దిక్కు లేదు. ఈ అభ్యంతరం పూర్తిగా న్యాయమైనదని నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోవడంతో ఆగకుండా దాన్ని లెక్కలోకి తెస్తాను. ఈ జీతాలు పెరగాలి, పెరుగుతాయి. దక్షిణాది రాష్ట్రాల్లో పిల్లల సంఖ్య తగ్గి వృద్ధుల సంఖ్య పెరుగుతోంది కనుక ఈ పని చేసే చేతులకు గిరాకీ ఎటూ పెరుగుతుంది. ఇరవై ఏళ్ల తర్వాతా ఈనాటి జీతాలే ఉంటాయని నమ్మి వచ్చేవాళ్లు పొరపాటు పడతారు. ఈ ఖర్చును ఈనాటి ధరకు కనీసం రెట్టింపు వేసి చూడండి. అప్పటికీ అమెరికా నర్సింగ్ హోము ఖర్చులో అది అయిదోవంతు దాటదు. అంటే మంచి జీతం, వారానికో సెలవు, ఆమెకూ ఒక ఆరోగ్య పాలసీ ఇచ్చినా లెక్క నిలుస్తుంది. నిలిచే లెక్క చేతిలో ఉండి బేరమాడటానికి కారణమేదీ లేదు. డాలర్లలో పింఛను వచ్చే ఇల్లు ముందు ఆ జీతం ఇస్తే, ఆ వీధిలో మిగతా ఇళ్లూ ఇవ్వవలసి వస్తుంది. రూపాయి పింఛను మీద బతికే ఇక్కడి వృద్ధులకు అది భారమవుతుందన్న మాట కూడా నిజమే. దానికి జవాబు ప్రభుత్వం దగ్గర ఉండాలి. సంరక్షణ పనికి శిక్షణ, నమోదు, పేద వృద్ధులకు ఆ ఖర్చులో సాయం, వీటిని ఆరోగ్య పథకాల్లో చేర్చవలసిన కాలం వచ్చింది. శస్త్రచికిత్సకు పది లక్షలు ఇచ్చే ప్రభుత్వం, శస్త్రచికిత్స తర్వాత మంచాన పడ్డ మనిషికి ఒక చెయ్యి ఇవ్వడానికి దారి వెతకాలి.

మరో అభ్యంతరం మనసుకు సంబంధించింది. మనుషులు ప్రీమియాలు లెక్కపెట్టుకుని తిరిగి రారు, నేల కోసం, భాష కోసం, అయినవాళ్ల కోసం వస్తారు అంటారు. రావడానికి కారణం అదే, అందులో సందేహం లేదు. కానీ అయినవాళ్లు ఎక్కడున్నారు? అన్నదమ్ములు తమ పిల్లల దగ్గరికి డాలస్‌కో సిడ్నీకో వెళ్లి ఉంటారు, ఊళ్లో ఇళ్లకు తాళాలు ఉంటాయి. మనసులో ఉన్న ఊరు నలభై ఏళ్ల కిందటిది. మనసు రప్పిస్తుంది, లెక్క నిలబెడుతుంది. లెక్క సరిగా లేక రెండేళ్లలో మళ్లీ విమానం ఎక్కినవాళ్లకు ఆ నేలా దక్కదు, అక్కడ అమ్ముకున్న ఇల్లూ దక్కదు.

ఇంతవరకూ దంపతులు అంటూ వచ్చాను. ఆ మాట ఈ మొత్తం లెక్కలో అతిపెద్ద లోపాన్ని కప్పేస్తుంది. మన తరంలో భర్త భార్య కంటే అయిదారేళ్లు పెద్ద, ఆడవాళ్లు మగవాళ్ల కంటే ఎక్కువ కాలం బతుకుతారు. కాబట్టి చాలా ఇళ్లలో చివరి ఏడెనిమిదేళ్లు గడపవలసింది ఆమె ఒక్కతే. తిరిగి రావాలన్న పట్టుదల ఎక్కువగా ఆయనది, ఆయన మంచం పట్టినప్పుడు చూసేది ఆమె, ఆ తర్వాత హైదరాబాదు ఫ్లాటులో ఒంటరిగా మిగిలేదీ ఆమె. అందుకే ఈ లెక్కను ఎనభై అయిదేళ్ల ఒంటరి స్త్రీ పేరు మీద వేయాలి. ఆయన పోయాక రెండు పింఛన్లు రావు, రెండింటిలో పెద్దదే ఆమెకు మిగులుతుంది. అటెండెంట్ల ఖర్చు మాత్రం సగమవదు. పిల్లలు అమెరికాలో ఉంటే ఆమె అక్కడికి వెళ్లాలనుకోవచ్చు, అప్పుడు ఆమె పేరు మీద పార్ట్ బి ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఒకరిదే కొనసాగించే స్తోమత ఉన్న ఇంట్లో చాలామంది భర్తది ఉంచి భార్యది మానేస్తారు, సంపాదించింది ఆయన కదా అని. నా లెక్క ప్రకారం ఉంచవలసింది ఆమెది. ఇక్కడి పాలసీలో, ఇంటి పత్రాల్లో, బ్యాంకు ఖాతాల్లో ఆమె పేరు నామినీగా కాక సమాన హక్కుదారుగా ఉండాలి. ఈ నిర్ణయం జరిగే గదిలో ఆమె మాటే ఆఖరుమాట కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చివరగా చట్టం గురించి, ఎందుకంటే ఈ సభలో న్యాయవాదులు కూడా ఉన్నారు. అమెరికాలో రాయించుకున్న పవర్ ఆఫ్ అటార్నీ, రాసిన మనిషికి మతి తప్పాక కూడా చెల్లేలా రాయించుకోవచ్చు. మన 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, రాసిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. అంటే అది అవసరం పడే రోజునే చెల్లకుండా పోతుంది. తల్లికి డిమెన్షియా ముదిరాక ఆమె ఖాతాలోంచి ఆమె వైద్యానికే డబ్బు తీయడానికి పిల్లలు హైకోర్టుకు వెళ్లి, రాజ్యాంగం 226వ అధికరణం కింద సంరక్షకులుగా నియమించమని అడుక్కోవలసి వస్తోంది. దానికి ప్రత్యేక చట్టమే లేదు. ఆఖరి దశలో ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందే రాసుకునే లివింగ్ విల్ విషయంలో దారి కాస్త సుగమమైంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని గుర్తించింది, 2023 జనవరిలో నిబంధనలు సడలించి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునంది. అమెరికాలో రాసిన పత్రం ఇక్కడి ఐసీయూలో చెల్లుతుందన్న ధీమాతో ఉండకుండా, వచ్చిన ఏడాదిలోనే ఇక్కడి పద్ధతిలో మళ్లీ రాసుకోవాలి. మతి ఉండగానే ఖాతాలను ఎవరైనా ఒకరు తీసుకునేలా ఉమ్మడిగా మార్చుకోవాలి. ఈ రెండు పనులూ ఎవరికి వారు చేసుకోగలిగినవి. మతి తప్పిన తర్వాతా నిలిచే అధికారపత్రాన్ని మన చట్టంలోకి తేవడం మాత్రం వ్యక్తుల చేతిలో లేదు. అది పరాయి దేశం నుంచి తిరిగొచ్చినవాళ్లకు మాత్రమే కావలసింది కూడా కాదు. పిల్లలు దేశం దాటి వెళ్లిన ప్రతి తెలుగు ఇంటికీ, ఎన్నడూ ఊరు దాటని ముసలి తల్లిదండ్రులకూ అది కావాలి. దాని ముసాయిదా రాసే పనిని ఇక్కడున్న న్యాయవాదులు ఈ ఏడాదే చేపట్టాలని, పూర్తయ్యాక కేంద్ర న్యాయశాఖ ముందు పెట్టాలని కోరుతున్నాను.